కాక చెయ్యి

రోడ్డు మీద వడ్లు ఆరబోసి కనిపిస్తే నా కాలు ఇప్పటికీ దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. మొన్న ముస్తాబాద్ దిక్కు పరీక్షల డ్యూటీకి పోతుంటే అదే జరిగింది. సగం రోడ్డు నిండా వడ్లు, అంచు పొడవునా రాళ్లు, మిగిలిన సగంలో ఎదురుగా గొర్రెల మంద. కారు ఆపుకొని కూర్చున్నాను. అప్పుడే ఫోను మోగింది.

“అక్కా, బాపు పోయిండు,” అన్నాడు అవతల మా పాత డ్రైవరు కాక కొడుకు. “పొద్దుగాల చాయ్ తాగి గట్లనే ఒరిగిండు. మాపటికి తీస్తం. అస్తవా?”

“సూస్త తమ్మీ,” అన్నాను.

ఫోను పక్కన పెట్టేలోపే కోరుట్ల నుంచి మా బాపు. కబురు నాకంటే ముందే ఆయనకు చేరింది. ఏడుస్తున్నాడు. మా అమ్మ పోయిననాడు కూడా నలుగురి ముందు కన్నీళ్లు పెట్టని మనిషి, డ్రైవరు పోయాడని ఫోనులో వెక్కుతున్నాడు.

“ఆడు పోయిండంట బిడ్డా. నేను కారు మాట్లాడుకొని బయలెల్లుతున్న. నువ్వు గా దిక్కే ఉన్నవ్ గదా, ముందుగాల పో.”

“డ్యూటీ ఉన్నది బాపూ.”

“డ్యూటీ ఏడికి వోతది? నీకు బండి నేర్పినోడే! పోకుంటే నలుగురు ఏమంటరు?”

నలుగురు ఏమన్నా అననీ. నేను పోలేదు. ఆయన ఊరు అక్కడికి పావుగంట దూరం కూడా లేదు, అయినా పోలేదు. పరీక్ష హాల్లో పిల్లల మధ్య తిరుగుతూ మధ్యాహ్నమంతా ఆయన్నే తిట్టుకున్నాను. చచ్చిన మనిషిని తిట్టకూడదంటారు. బతికుండగా తనివితీరా తిట్టనిస్తే కదా?

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే కొడుకు చదువుతాడు, వాడు నాకేం అన్యాయం చేయలేదు. మాకు కోరుట్లలో ఎరువుల దుకాణం, బీర్పూర్ దిక్కు కొంత పొలం ఉండేవి. నేను పుట్టకముందే మా వాకిట్లో జీపు ఉంది, జీపుతో పాటు ఆయనా ఉన్నాడు. బాపుకు ఆయన ‘ఒరేయ్’. ఆయనకు బాపు ‘పటేలు’. నాకు మాత్రం కాక. సొంత చిన్నాన్నలు ఇద్దరున్నా, ఇంట్లో ‘కాక ఏడి’ అంటే అందరూ గేటు దిక్కే చూసేవాళ్లు.

మనిషి పొట్టి. స్టీరింగు మీంచి రోడ్డు కనిపించడానికి సీటు మీద గోనెసంచి మడతపెట్టి వేసుకునేవాడు. భుజం మీద తువ్వాల తప్పనిసరి. ఎడమ భుజం మీద ఉంటే బాగున్నట్టు, కుడి భుజానికి మారిందంటే ఎవరి మీదో కోపం వచ్చినట్టు. పొద్దున బండి తీసేముందు స్టీరింగును రెండు చేతులా తాకి కళ్లకద్దుకునేవాడు. ఆ తర్వాత కిందికి దిగి, ఎద్దు మెడ తట్టినట్టు బానెట్ తట్టి, “పోదమా మరి?” అని బండిని అడిగేవాడు. బండి ఏం చెప్పేదో గానీ, అప్పుడు మాత్రమే తాళం తిప్పేవాడు. ఒకసారి బాపు తొందరలో ఉండి కసిరాడు. “దాన్ని అడుగుడేందిరా, అది నీ పెండ్లామా?” “పెండ్లాన్ని అడగకున్నా నడుస్తది పటేలా, దీన్ని అడగాలె,” అన్నాడు కాక, ఏమాత్రం తొణక్కుండా.

బండిలో ఎవరూ ఏమీ తినకూడదని రూలు. ఆయనకు వర్తించదు. నేను బిస్కెట్ ప్యాకెట్ విప్పితే అద్దంలోంచి ఒక చూపు చూసేవాడు. అదే మనిషి పుట్నాలు బుక్కుతూ బండి నడిపేవాడు. సీటు కింద ఎప్పుడు వెతికినా పిడికెడు పుట్నాలు దొరికేవి.

ఎవరైనా హారన్ కొట్టి మమ్మల్ని దాటిపోతుంటే ఎడమకు జరిగి దారిచ్చేవాడు. “పోనీ పోనీ. ఆనికి జల్ది సావాలెనని ఉన్నది, మనకు లేదు.” మనుషుల్ని కూడా గేర్లతోనే కొలిచేవాడు. మా అమ్మ ఫస్ట్ గేరు, బలమే గానీ జోరు లేదు. మా పెద్ద మేనమామ న్యూట్రల్, చప్పుడే గానీ కదలడు. అందరికంటే హీనం ఆయన లెక్కలో హాఫ్ క్లచ్ మనిషి. “తొక్కడు, ఇడవడు బిడ్డా. నడిమిట్ల పెట్టి గుంజుతడు. గసొంటోడు బండిని ఖరాబ్ జేస్తడు, బండ్లె ఉన్నోళ్లను ఖరాబ్ జేస్తడు. ఎవ్వన్నన్న నమ్ము గని హాఫ్ క్లచ్ మనిషిని నమ్మకు.”

ఈ మాట ఆయన నోటితోనే అన్నాడు. నేను చెవులారా విన్నాను.

మా ఇంట్లో ఏ పెళ్లి జరిగినా, భోజనాలయ్యాక బాపు చెప్పే కథ ఒకటుంది. అన్నలు తిరిగే కాలం. బీర్పూర్ పొలం నుంచి జీపులో తిరిగొస్తుంటే మలుపులో రోడ్డుకు అడ్డంగా దుంగ, అటూ ఇటూ తుపాకులతో మనుషులు. అన్నలో, అన్నల పేరు చెప్పుకునే దొంగలో ఈనాటికీ తెలియదు. జీపు ఆపమని అరిచారు. కాక ఆపలేదు. మెడ వెనక్కి తిప్పి, వచ్చిన దారినే జీపును రివర్సులో ఉరికించాడు. చెరువు కట్ట దాకా అట్లాగే వెనక్కి తోలి, అక్కడ తిప్పి, ఇంకో దారిన ఇంటికి చేర్చాడు. “గా దినం ఆడు లేకుంటే నేను ఇయ్యాల గోడకు ఫోటోల ఉండేటోన్ని,” అని ముగించేవాడు బాపు. అందరూ కాక వైపు చూసేవాళ్లు. ఆయన ఆకు నములుతూ నేల చూసేవాడు. “ఏమున్నది పటేలా, బెదిరినోడే ఆపుతడు,” అనేవాడు.

ఒకసారి ఒంటరిగా ఉన్నప్పుడు అడిగాను. “నిజంగ బెదరలేదా కాకా?”

“లాగుల పోసుకున్న బిడ్డా. గని కాలు ఆగలె. ఆగితే పోయినట్టే.”

అందుకే కదా ఆయన్ని అంతగా నమ్మింది? ధైర్యం ఉందని గొప్పలు పోయేవాణ్ని కాదు, భయపడ్డానని నాతో చెప్పుకున్నవాణ్ని నమ్మాను.

ఇంటర్ అయ్యాక నాకు కారు నేర్పుతానని బయలుదేరాడు. అమ్మకు సుతరామూ ఇష్టం లేదు. “ఆడివిల్ల కారు నేర్సి ఏం జేస్తది?” అంది. “అందరు పోవుడు నేర్సుకుంటరమ్మా, నేను బిడ్డకు పారిపోవుడు నేర్పుత,” అన్నాడు. చెప్పినట్టే ముందు రివర్స్ నేర్పాడు. పెద్ద కాలువ కట్ట మీద ఒక పక్క నిండుగా నీళ్లు, ఇంకో పక్క పొలాల్లోకి లోతు. నా చేతిలో కారు, కారు వెనక ఆయన. “అద్దం ఇడిసిపెట్టు. మెడ తిప్పి నా చెయ్యి సూడు. నీళ్లు సూడకు, కట్ట సూడకు, నా చెయ్యొక్కటే సూడు.” ఆ చెయ్యి గాలిలో లేచి ఊగేది. “రానీ, రానీ, రానీ… జర కుడికి… రానీ… బస్.” బస్ అన్నచోట ఆగకపోతే కాలువలో ఉండేదాన్ని. నేను నీళ్లవైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ చెయ్యి ఉండగా నీళ్లెందుకు చూడాలి?

వడ్ల సంగతి అప్పుడే నేర్పాడు. కోతలయ్యాక మా దిక్కు రోడ్లన్నీ కళ్లాలే, సగం రోడ్డు రైతుది, సగం బండ్లది. ఒకనాడు ఎదురుగా బస్సొస్తే బెదిరి పక్కకు కోశాను. ముందు టైరు రాళ్లు దాటి వడ్ల మీదికెక్కింది. ఒడ్డున కూర్చున్న ముసలవ్వ లేచి “కండ్లు నెత్తికెక్కినయా, నీ చేతులిరగ!” అని మొదలుపెట్టింది. కాక నన్ను కిందికి దింపాడు. టైరు సందుల్లో ఇరుక్కున్న గింజల్ని గోటితో తీయించి కుప్పలో వేయించాడు. నాలుగు గింజలు నా కళ్లకద్దించాడు. తను ముసలవ్వకు దండం పెట్టి, “తప్పైంది అవ్వా, చిన్నపిల్ల,” అన్నాడు. బండెక్కాక తువ్వాల కుడి భుజం మీదికి పోయింది. చివరికి అన్నాడు, “మనిషి మీదికి పోనిస్తే జైలుకు వోతం. బువ్వ మీదికి పోనిస్తే ఏడికి వోతం చెప్పు?”

అంత భయం పెట్టాడు గనక, ఆ తర్వాతి వారం ఇంకోచోట అట్లాగే పరిచి కనిపిస్తే దూరం నుంచే ఆపేశాను. ఆయన పకపకా నవ్వాడు. “అవి వడ్లు గావు బిడ్డా, తాలు. తూర్పార వట్టంగ ఎల్లిన పొల్లు. గాలికి కదులుతున్నయ్ సూడు. గింజ అయితే బరువుకు నేలను వట్టుకొని ఉంటది. రంగు సుత తెల్లగ లేదూ? ఎక్కియ్ ఎక్కియ్, పాపం లేదు.” ఎక్కించాను. టైర్ల కింద గలగలమని తేలిగ్గా చప్పుడైంది. వెనక్కి తిరిగి చూస్తే పొట్టు గాలిలో లేస్తోంది. తర్వాత చాలా రోజులు అది మాకు ఆట. దూరం నుంచే “కాకా, వడ్లా తాలా?” అని అడిగేదాన్ని. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. కొన్నాళ్లకు నేను కూడా తప్పడం మానేశాను. “నా బిడ్డకు నా కండ్లచ్చినయ్,” అని దుకాణం ముందు హమాలీలందరికీ చెప్పుకున్నాడు.

ఇక ఆ రోజు సంగతికి రావాలి. మా పొలం పక్క చెరువు శిఖంలో ఒక పెద్దమనిషి ప్లాట్లు చేద్దామని మట్టి పోయించాడు. శిఖమంటే వానాకాలం నీళ్లు నిలిచే నేల. చెరువు తూము చూసుకునే నీరటి కుర్రవాడు అడ్డం నిలబడితే, వాడి మీదికి టిప్పర్ ఎక్కించారు. పొలం గట్టున నిలబడి మా బాపు ఆ దారుణాన్ని కళ్లారా చూశాడు. ఇంకెవరూ చూడలేదు, చూసినవాళ్లున్నా చెప్పలేదు. జగిత్యాల కోర్టులో బాపు సాక్ష్యం ఒక్కటే కేసుకు దిక్కు. బెదిరింపులు మొదలయ్యేసరికి బాపును సిరిసిల్లలో నా ఇంటికి తెచ్చుకున్నాను. నేనక్కడ కాలేజీలో పాఠాలు చెబుతాను. చుట్టూ మగ్గాల చప్పుడు, ఎవరు ఎవరింటికొచ్చారో పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. ఏ దారిన కోర్టుకు వెళ్లాలో కాకే చెప్పాడు. “పెద్ద రోడ్డు మీద అందరి కండ్లుంటయ్. వేములవాడ దాటినంక లోపలి రోడ్డు వట్టుకుందం.” ఆ సంగతి మా ముగ్గురికే తెలుసు.

సాక్ష్యం రోజు పొద్దున కాక కారుతో వచ్చాడు. తువ్వాల ఏ భుజం మీదా లేదు, చేతిలో నలుపుతున్నాడు. బానెట్ తట్టలేదు. తాళం నా చేతిలో పెట్టి, “కండ్లల్ల మసకలొస్తున్నయ్ బిడ్డా. ఇయ్యాల నువ్వు తోలు,” అన్నాడు.

బాపు బండిలో ఉండగా ఆయన అంతకుముందు ఎన్నడూ ఎవరికీ స్టీరింగు ఇవ్వలేదు. నాకెంత గర్వమైందో చెప్పలేను. పరీక్ష పాసైనట్టు పొంగిపోయాను. తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

లోపలి రోడ్డు మీద ఊళ్లు అయిపోయి పొలాలొచ్చాయి. ఒక మలుపు తిరిగాక సగం రోడ్డులో ట్రాక్టరు ట్రాలీ అడ్డంగా నిలబెట్టి ఉంది. మిగతా సగం నిండా పరిచి, అంచున రాళ్లు పేర్చారు. మా దిక్కు బండి నడిపే ఎవరైనా అక్కడ ఆగి, ట్రాక్టరు తీయమని కేకేస్తారు. నేను కూడా జోరు తగ్గించాను.

“ఆపు బిడ్డా,” అన్నాడు పక్క సీటులోంచి కాక. “వడ్లు.”

ఆయన గొంతు నాకు పాలూ నీళ్లూ తెలిసినంత తెలుసు. ఆ గొంతులో ఏదో తేడా ఉంది. ముందుకు చూశాను. గాలి వీస్తోంది. రోడ్డు మీద పరిచినది కదులుతోంది. పైపైన తెల్లగా లేచి, రాళ్లు దాటి, మా వైపు దొర్లుతోంది.

అది తాలు. నాకు కనిపిస్తోంది. ఆయనకు కనిపించకపోవడమేమిటి? మసకలని తాళం నాకిచ్చిన మనిషి అంత దూరం నుంచి వడ్లని ఎట్లా చెప్పాడు? ఎవడైనా రైతు తాలు చుట్టూ రాళ్లు పేర్చి ఎండబోస్తాడా?

అంతలో ట్రాలీ వెనక నుంచి మూతికి గుడ్డలు కట్టుకున్నవాళ్లు లేచారు. చేతుల్లో వేటకొడవళ్లు. ఒకడి చేతిలో తపంచా. అద్దంలో చూస్తే వెనక రెండు మోటారు సైకిళ్లు దారి మూసేశాయి. రివర్సు లేదు.

“ఆపు బిడ్డా, ఆపు,” అంటూ కాక చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీద పడింది.

కాలువ కట్ట మీద నన్ను కాపాడిన చెయ్యే. హ్యాండ్‌బ్రేక్ పిడిని వేళ్లన్నీ గట్టిగా పట్టుకున్నాయి. నేను దాన్ని చూశాను, ఆయన ముఖం చూశాను. ఆయన నన్ను చూడలేదు. ఆగితే పోయినట్టే అని ఎవరో లోపల అన్నారు. అది కూడా ఆయన గొంతే. గేరు మార్చి పూర్తిగా తొక్కాను. ముందు టైరు రాయి మీదికెక్కి కారు ఎగిరిపడింది. తాలు గుప్పుమని లేచి అద్దమంతా కమ్మేసింది. ఏమీ కనిపించలేదు, అయినా కాలు తీయలేదు. కొడవలి దెబ్బకు నా పక్క అద్దం విరిగి వేలాడింది. వెనక ఢామ్మని పేలింది, వెనక గాజు ముక్కలై బాపు మీద పడింది. “బాపూ!” అని అరిచాను. “పోనీ, పోనియ్యి!” అని సీటు కింది నుంచి అరిచాడు. బతికే ఉన్నాడని పోనిచ్చాను.

కాక చెయ్యి చాలాసేపు ఆ పిడి మీదే ఉంది. లాగలేదు. తీయనూ లేదు.

జగిత్యాల కోర్టు ముందు తప్ప నేనెక్కడా ఆపలేదు. బాపు చెవికి రుమాలు కట్టుకొని, చొక్కా మీద నెత్తురుతోనే బోనెక్కాడు. టిప్పర్ తోలినవాణ్ని, పక్కన నిలబడి తోలమన్నవాణ్ని వేలెత్తి చూపించాడు. కింది కోర్టులో ఇద్దరికీ శిక్ష పడింది, పైకోర్టులో ఇంకా నడుస్తోంది. దారి ఎవరెవరికి తెలుసని పోలీసాయన అడిగాడు. మా ముగ్గురికే అన్నాను. ఆయన ఇంకేదో అడగబోయేలోగా బాపు అడ్డుపడ్డాడు. “ఆడా? ఆడు నా పానం సారూ. ఇయ్యాల సుత ఆడు పక్కకుండవట్టే నా బిడ్డ బండి దాటిచ్చింది.”

బయటికొచ్చి చూస్తే కాక లేడు. చాయ్ తాగొస్తానని పోయాడట. సీటు మీద తువ్వాల ఉంది. సాయంత్రం దాకా చూశాం, రాలేదు. రెండు రోజుల తర్వాత కబురు పంపాడు, కళ్లు బాగాలేవు, కొడుకు దగ్గరే ఉంటానని. “పాపం, కండ్లు వోయినయంట,” అని బాపు ఊరంతా చెప్పాడు. పెళ్లిళ్లలో చెప్పే కథకు కొత్త ముక్క చేరింది. అందులో కాక పక్క సీటులో కూర్చొని “ఎక్కియ్ బిడ్డా, అవి తాలు” అంటాడు. నేను ఎదుటే కూర్చొని వింటూ ఉంటాను. నమ్మినవాడు నట్టేట ముంచాడని ఒక్క మాట అంటే, మా బాపు ఆనాడు తప్పిన తపంచా గుండు తగిలినవాడిలా కూలిపోతాడు. అనలేదు.

మొన్న పొద్దుగూకాక బాపు ఫోను చేశాడు. “పాడె మోసిన బిడ్డా. నీ ముచ్చటే జెప్పేటోడంట ఎప్పుడు. నువ్వు రాకపోతివి.” ఊఁ అన్నాను. నేను ఒకసారి పోయి వచ్చానని ఆయనకు తెలియదు.

అది కోర్టు సంగతి జరిగిన మరుసటి ఎండాకాలం. చెప్పకుండా పోయాను. వాకిట్లో గోడ నీడన కూర్చొని, చాటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతున్నాడు. సన్న రాళ్లు.

“కండ్లు మంచిగనే ఉన్నయే కాకా,” అన్నాను.

చాట కింద పెట్టాడు. “కూసో బిడ్డా. చాయ్ పెడ్త.”

“చాయ్‌కి రాలే. గా దినం తాళం నాకెందుకిచ్చినవ్?”

గోడ చూస్తూ ఒక్కో మాటా చెప్పాడు. “మా పోరడు గా పెద్దమనిషి క్రషర్ల పని జేస్తుండె గదా. టిప్పర్ తోలింది నీ కొడుకే అని కేసు రాయిపిస్తం అన్నరు. పటేలుతోని మాట్లాడుతం, కోర్టు టైం దాటినంక ఇడిసిపెడ్తం, మనిషిని ముట్టం అన్నరు.”

“మాట్లాడనీకి కొడవండ్లు తెచ్చుకుంటరా?”

“నాకు ఎరుక లేదు బిడ్డా. మా పోరని మీద ఒట్టు.”

“టిప్పర్ తోలినోన్ని బాపు సూసిండు కాకా! గదే జెప్పనీకి పోతున్నం. నీ కొడుకును కాపాడేటోడు ఎనుక సీట్లనే కూసున్నడు. ఒక్క మాట జెప్తే ఏమైతుండె?”

“పటేలు గెలుస్తడని నమ్మలె,” అన్నాడు.

ఇన్నేళ్లూ మా బాపు ‘నా పానం’ అన్న మనిషి అన్నాడు ఈ మాట. నా ఒళ్లు మండిపోయింది. “సరే, నమ్మలె. మరి నువ్వే తోలి నువ్వే ఆపితే అయిపోవు గదా? నా చేతుల ఎందుకు వెట్టినవ్?”

“నేను కూసుంటే నా కాలు ఆగదు బిడ్డా. గన్నేండ్ల అలవాటు. నువ్వయితే ఆపుతవనుకున్న. వడ్ల మీదికి ఎక్కియ్యవు నువ్వు. నేనే నేర్పితి గదా.”

అంటే వాళ్లకు ఆ ఉపాయం చెప్పింది ఎవరో నేనిక అడగక్కర్లేదు. టైరు సందుల్లోంచి గింజలు తీయించి నా కళ్లకద్దించిన మనిషి, ఆ భక్తినే పలుపుతాడు చేసి నా మెడకేశాడు. పైగా నేను ఆగుతాననుకున్నాడు. నా బిడ్డకు నా కళ్లొచ్చాయని హమాలీలకు చెప్పుకున్నవాడు, అసలు సమయం వచ్చేసరికి వాటిని లెక్కలోకే తీసుకోలేదు. ఏది ఎక్కువ నొప్పో నాకు ఈనాటికీ తేలలేదు.

“మరి హ్యాండ్‌బ్రేక్ మీద చెయ్యేసినవ్. గుంజలె. గదెందుకు?”

అప్పుడు తలెత్తాడు. నమ్మండి, ఆయన ముఖం వెలిగింది. “నువ్వు తాలు గుర్తువట్టినవ్ గదా! నేను వడ్లు అన్నా నమ్మలె. గేరు మార్సి గట్ల జోరు జేసినవ్ సూడు… నా కడుపు నిండింది బిడ్డా. చెయ్యి రాలె.”

“నీ కడుపు నిండనీకి నేర్సుకున్ననా నేను?” అని అరిచాను. పక్కింటి వాళ్లు తొంగి చూశారు. “తొక్కవు, ఇడవవు. గిదేం మనిషివి కాకా నువ్వు?”

ఆ మాట ఎక్కడిదో ఆయనకు తెలుసు. వెలిగిన ముఖం అట్లాగే ఆరిపోయింది. చాట ఒళ్లోకి తీసుకున్నాడు గానీ రాళ్లు ఏరలేదు. నేను లేచాను.

సందు ఇరుకు. కారు తిప్పడానికి జాగా లేదు, వెనక్కే పోవాలి. ఒక పక్క చేదబావి గోడ, ఇంకో పక్క మురికి కాలువ. తాళం తిప్పేసరికి బానెట్ మీద చప్పుడైంది, కాక తట్టి కారు వెనకకు నడిచాడు. ఎవరూ పిలవలేదు. అలవాటు కొద్దీ వచ్చి నిలబడ్డాడు, చెయ్యి గాలిలోకి లేపాడు.

“రానీ, రానీ… జర కుడికి… రానీ.”

నా మెడ సగం తిరిగింది. మళ్లీ ముందుకు తిప్పుకున్నాను. ఇంజన్ ఆపి కిందికి దిగాను. ఆయన ముందు నుంచే నడిచి కారు వెనకకు పోయి, టైరుకూ బావి గోడకూ మధ్య ఎంత జాగా ఉందో వంగి నా కళ్లతో చూసుకున్నాను. బాగానే ఉంది. ఆయన చెయ్యి చూపించినంతే ఉంది. ఆయన నా పక్కనే నిలబడ్డాడు, చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

నేను తిరిగి వచ్చి కూర్చొని తాళం తిప్పాను. అద్దంలోకి చూసేసరికి ఆ చెయ్యి కిందికి దిగిపోయింది.